టిఫిన్ క్యారియర్‌లో ముక్కు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఫిబ్రవరిలో నన్ను దంత విభాగపు మామూలు ల్యాబ్ నుంచి ముఖావయవాల ల్యాబ్‌కు మార్చారు. నగరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి అది. పేరుతో పని లేదు. హోదా పాతదే, సీనియర్ టెక్నీషియన్. ఉత్తర్వులో ‘పరిపాలనా కారణాల వల్ల’ అని రాశారు. అసలు కారణాలు రెండు. ఆ ల్యాబ్‌లో మనిషి లేకపోవడం ఒకటి, నేను నోరున్న మనిషిని కావడం రెండోది. రిటైర్మెంటుకు ఏడాదిన్నర కూడా లేదు కదా, మూల గదిలో పడేస్తే పడి ఉంటుందనుకున్నారు.

ఆ గదిలో మేము చేసేవి ముక్కులు, చెవులు, కంటి గుంటను మూసే తొడుగులు. క్యాన్సర్ ఆపరేషన్లలో పోయినవి, ప్రమాదాల్లో పోయినవి, కరోనా తర్వాత నల్ల ఫంగస్ తినేసినవి. పద్ధతి చెబుతాను. ముందు రోగి ముఖానికి మెత్తటి ముద్ద పూసి అచ్చు తీస్తాం. అందులో ప్లాస్టర్ పోస్తే ముఖం నమూనా వస్తుంది. దాని మీద మైనంతో ముక్కు చెక్కుతాం. ఆ మైనం ముక్కును రోగి ముఖం మీద పెట్టి చూస్తాం, దిద్దుతాం, మళ్ళీ పెడతాం. రోగి సరే అన్నాక మైనం చుట్టూ ప్లాస్టర్ పోసి, వేడినీళ్ళతో మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో ఒంటి రంగు కలిపిన సిలికాన్ నింపుతాం. చివరి సగం వంట లాంటిది, కొలతలు తెలిస్తే ఎవరైనా చేస్తారు. అసలు పని మైనం దగ్గరే. అది శిల్పుల పనే. కాకపోతే రాయి నోరెత్తదు, మా ముఖం మాట్లాడుతుంది, నములుతుంది, చెమట పోస్తుంది. అందుకే రోగి ఎదురుగా కూర్చోకుండా ముక్కు చేయడం కుదరదు.

అండాలు అనే ఆవిడ ఆ నెలలోనే వచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఉప్పల్ దగ్గర చిలకానగర్‌లో ఇల్లు. ముక్కులో పుట్టిన క్యాన్సర్‌కు వేరేచోట ఆపరేషన్ చేసి ముక్కు మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది. నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పదకొండేళ్ళు కౌంటర్ దగ్గర నిలబడి అన్నం వడ్డించిన మనిషిని, ఆపరేషన్ తర్వాత కాంట్రాక్టరు వెనక గిన్నెలు తోమే చోటికి పంపాడు. తినేవాళ్ళు జంకుతున్నారట.

"కరోనల మంచిగుండె మేడమ్," అంది మొదటి రోజే. "అందరికీ మాస్కులే. నాకేమైందో ఎవరికెరుక లేకుండె. ఇప్పుడు అందరు దీసిన్రు, నేనొక్కదాన్నే మిగిలిన."

జూన్ ఒకటిన క్యాంటీన్ కొత్త కాంట్రాక్టరు చేతికి పోతోంది. ఆయన ఆ రోజు వచ్చి, ఎవరు ఏ పనిలో ఉన్నారో చూసి, కావలసినవాళ్ళను ఉంచుకుంటాడు. గిన్నెల దగ్గర మనుషులు ఎక్కువ, అక్కడే కోత. ఆలోగా ముక్కు ఉంటే అండాలు కౌంటర్ దగ్గర నిలబడి కనిపించగలదు. లేకపోతే ఆ ఉద్యోగం పోతుంది. నాకు ఆమె పెట్టిన గడువు అదీ.

ఆపరేషన్‌కు ముందే ముక్కు అచ్చు తీసి ఉంచాలని నియమం ఉంది. ఎవరూ తీయలేదు. అలాంటప్పుడు దగ్గరి రక్తసంబంధీకుల ముక్కుతో మొదలుపెడతాం. కీసరలో ఉండే అండాలు చెల్లెలు వచ్చి తన ముక్కు అచ్చు ఇచ్చి వెళ్ళింది.

ఇక్కడి నుంచి నా కోపం మొదలు. మైనం సరిచూసే ప్రతిసారీ ఒక ట్రయల్ షీటు ఉంటుంది. దాని మీద విభాగాధిపతి సంతకం పడితే గానీ నేను మైనం ముట్టుకోకూడదు. ఆయన వచ్చేది పదకొండున్నరకు. రాగానే మీటింగు, తర్వాత రౌండ్లు, తర్వాత భోజనం. పొద్దున ఎనిమిదికి చీటీ తీసుకున్న అండాలు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని మధ్యాహ్నం రెండు దాకా బల్ల మీద కూర్చునేది. నా పని నలభై నిమిషాలు. మూడు సార్లు అలా జరిగింది. మైనం ఉంది, నేనున్నాను, ముఖం ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు ఆ ఒక్క సంతకమే లేదు.

నాలుగోసారి ఆమె రాలేదు. నేను ఫోన్ చేసి చెడామడా తిట్టాను. నీ ముక్కు నీకే అక్కర్లేకపోతే నేనెందుకు దేవులాడాలని అన్నాను. అవతల గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"మూడు దినాలు నాగా వెట్టిన మేడమ్," అంది. "ఇంకొక్కదినం వోతే గిన్నెల కాడికి గూడ రావద్దన్నడు. ముక్కుకోసమొస్తే కూడు వోతది. కూటికోసం వోతే ముక్కు రాదు. రెండిట్ల యేది ఇడ్వాలె, మీరే జెప్పున్రి."

ఫోన్ పెట్టేశాక నా మీద నాకే రోత పుట్టింది.

నేనుండేది నాచారంలోనే. మా ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. విజయవాడ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు ఇక్కడే ఉండిపోయాం. ఆ క్యాంటీన్ మా ఇంటికి ఆటోలో పావుగంట. రోగి రాలేకపోతే నేనే వెళ్ళి మైనం సరిచూసి వస్తానని విభాగాధిపతిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఇది ఆసుపత్రి అనీ, ఇంటింటికీ తిరిగే గాజుల మలారం కాదనీ సెలవిచ్చారు. పైగా పరికరాల రిజిస్టరులో ఉన్న ఏ వస్తువూ గేటు దాటడానికి వీల్లేదన్నారు. ఆ నెలలో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ మలారమే.

అరికాలి మంట నెత్తికెక్కింది. సరే, రిజిస్టరులో లేని వస్తువులతోనే వెళ్తాననుకున్నాను.

అలా కట్టుకున్నాను ఆ సంచీ సరంజామా. ముఖ్యమైనది మైనాన్ని సరైన వేడిలో ఉంచడం. ల్యాబ్‌లో దానికి కరెంటు తొట్టె ఉంటుంది. నేను మా ఆయన డ్యూటీకి పట్టుకెళ్ళిన నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ దించాను. అడుగు గిన్నెలో ఫ్లాస్కులోని వేడినీళ్ళు పోసి, దాని మీది గిన్నెలో మైనం పలకలు పేరిస్తే అవి మెత్తబడతాయి గానీ కారవు. పాత సైకిల్ చువ్వ కొన సుత్తితో కొట్టి చదును చేస్తే గరిటె అయింది. హాక్సా బ్లేడు ముక్కను అరగదీసి పిడికి గుడ్డ చుడితే చాకు. అల్లిక సూదులు రెండు, గట్టి పళ్ళబ్రష్ ఒకటి. సగానికి కోసిన రబ్బరు బంతి ప్లాస్టర్ కలుపుకోవడానికి. ఎదుటి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి చూసుకోవడానికి రెండు అద్దాలు. కమలాపండు తొక్క ఎండకుండా తడిగుడ్డలో చుట్టి పెట్టాను. మెత్తటి మైనం మీద దాన్ని అద్దితే చర్మానికుండే సన్న రంధ్రాలు దిగుతాయి. పనిముట్లన్నీ పాత చీర గుడ్డతో కుట్టిన అరల్లో చుట్టేశాను.

"ముప్ఫై ఏళ్ళు పప్పన్నం మోసిన డబ్బా అది," అన్నారు మా ఆయన. "ఇప్పుడు దాంట్లో ముక్కులు వండుతావా?"

మొదటి ప్రయాణమే బోల్తా కొట్టింది. ఏప్రిల్‌లో అరపూట సెలవు పెట్టి, ల్యాబ్‌లో నేను చెక్కిన మైనం ముక్కును దూది మధ్య మామూలు డబ్బాలో పెట్టుకుని, హబ్సిగూడలో మెట్రో దిగి ఆటో ఎక్కాను. డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నాను, ఎండ ఒళ్ళోనే పడింది. క్యాంటీన్ చేరి మూత తీస్తే ముక్కు కొన ఒక పక్కకు వాలి ఉంది. మైనం పనిలో పాతికేళ్ళు గడిపిన మనిషిని, వేడి పెట్టుకోవడానికి గిన్నె ఆలోచించి, చల్లగా ఉంచడానికి గిన్నె ఆలోచించలేదు. ఆటోలోనే నన్ను నేను తిట్టుకుంటూ తిరిగొచ్చాను. ఆ తర్వాత క్యారియర్ అన్నిటికన్నా పై గిన్నెలో కుండనీళ్ళు పోసి, అందులో చిన్న డబ్బా దించి, ముక్కును ఆ డబ్బాలో పెట్టడం మొదలుపెట్టాను. కింద వేడి, మధ్యలో ఒక గిన్నె ఖాళీ, పైన చల్లన. మళ్ళీ ఎప్పుడూ వాలలేదు.

క్యాంటీన్ వెనక రేకుల వరండా. పొద్దుటి టిఫిన్ గిన్నెలు అయిపోయి, మధ్యాహ్నం గిన్నెలు పడేలోపు గంటన్నర ఖాళీ. పని ఆగకూడదన్న షరతు మీద పాత కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. అక్కడ కూర్చున్న మొదటి పది నిమిషాల్లోనే ల్యాబ్‌లో మూడు రోజుల్లో తెలియనిది తెలిసింది. కౌంటర్ దగ్గర అన్నం గంగాళం మూత తీస్తే ఆవిరి నేరుగా ముఖానికి కొడుతుంది. జిగురుతో అంటించే ముక్కు ఆ ఆవిరికి అరగంటలో ఊడిపోతుంది. కాబట్టి కళ్ళజోడు ఫ్రేముకు బిగించాలి. పొయ్యి దగ్గరి మనిషి ముఖం రంగు కూడా ల్యాబ్ ట్యూబ్‌లైటు కింద కనబడే రంగు కాదు, బాగా ఎరుపు తిరిగి ఉంది. రోగి బతికే చోటు చూడకుండా ఆ ల్యాబ్‌లో ఇన్నేళ్ళు ఎవరి కోసం ముక్కులు చేశారో ఆ దేవుడికే తెలియాలి.

అయినా అండాలుకు నచ్చలేదు. అద్దంలో అటూ ఇటూ చూసుకుంది.

"మంచిగనే ఉంది. గని గిది మా చెల్లె ముక్కు. నాది గాదు."

ఏం తేడా అని అడిగితే చెప్పలేకపోయింది. నాకు విసుగొచ్చింది. రెండు రెక్కలూ కొలిచి చూపించాను, వెంట్రుకవాసి తేడా లేదు. మాకు శిక్షణలో నేర్పింది అదే, రెండు పక్కలూ సమంగా ఉండాలని. అప్పుడామె పుస్తెలతాడుకు పిన్నీసుతో గుచ్చుకున్న చిన్న ముక్కుపుడక తీసి చూపించింది. ఆపరేషన్ రోజున నర్సు తీసి చేతిలో పెట్టిందట, అప్పటి నుంచి అక్కడే ఉంది.

"పన్నెండేండ్లప్పుడు కుట్టిచ్చిన్రు, కుడి పక్క. గా దిక్కు జర జారి ఉంటుండె మేడమ్. మా అత్త గూడ నవ్వుతుండె."

ముప్ఫై ఏళ్ళకు పైగా పుడక మోసిన రెక్క కాస్త కిందికి వాలుతుంది, అంచు దగ్గర మందంగా అవుతుంది. మా అమ్మకు చూశాను, మా అత్తగారికి చూశాను, రోజూ అద్దంలో నాకే చూస్తున్నాను. చేతిలో చాకు ఉన్నప్పుడు మాత్రం పుస్తకంలో ఉన్న ముక్కే చెక్కాను. తర్వాతి రెండుసార్లలో కుడి రెక్కను వాల్చి, సూదితో రంధ్రం పెట్టాను. మే నెల మూడో వారంలో ఒక శుక్రవారం, పదకొండు గంటలకు, అండాలు అద్దం చూసుకుని "ఊఁ" అంది. అంతే అంది. గిన్నెలు తోమడానికి లేచింది.

ఇక నేను చేసిన పని. మూడు గంటలకు ల్యాబ్‌కు చేరాను. ఆ మైనానికి అచ్చు పోయడం గంట పని. అప్పుడే విభాగాధిపతి పిలిచారు. మర్నాడు తనిఖీ బృందం వస్తోందట, విభాగంలో కొత్తగా ఏమైనా చూపించాలట, నేనేదో సంచీ పట్టుకుని తిరుగుతున్నానని ఎవరో చెప్పారట. నేను సరంజామా మొత్తం పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పరిచాను, ముక్కుతో సహా. ఇది బ్రహ్మాండంగా ఉందనీ, ఇన్నాళ్ళూ తనకెందుకు చెప్పలేదనీ అడిగారాయన. మలారం మాట గుర్తు చేయాల్సింది. చేయలేదు. పాతికేళ్ళలో మొదటిసారి మెచ్చుకుంటే పొంగిపోయాను. ఒక్కరోజుకు ఇమ్మన్నారు, ఇచ్చేశాను. ముక్కు చల్లగా ఉండాలని చెప్పి ఇంటికి పోయాను, శనివారం నాకు సెలవు.

సోమవారం వెళ్ళేసరికి విభాగం గుమ్మం పక్కన అద్దాల బీరువాలో నా సరంజామా వరసగా పేర్చి ఉంది. పక్కన అట్టముక్క మీద ‘సంచార శిల్ప పేటిక’ అని, కింద రూపకర్తగా విభాగాధిపతి పేరు. స్టీలుకు మరక పడుతుందని నీళ్ళు పారబోశారు. ముక్కును తీసి క్యారియర్ మూత మీద బొమ్మలా నిలబెట్టారు. సరిగ్గా దాని నెత్తిన బీరువా బల్బు. శనివారం పొద్దున వేసినది వేసినట్టే వెలుగుతోంది. మూత మీద ఉన్నది ముక్కు కాదు, వెన్నముద్ద.

తాళంచెవి ఆయన దగ్గర. ఆయన సెమినార్‌కు ఊరు వెళ్ళారు, గురువారం గానీ రారు. నా డబ్బా, నా చాకు, నా చీర గుడ్డ, వాటికి ఆయన తాళం. అద్దం పగలగొడదామని చెయ్యెత్తాను కూడా. పగలగొట్టినా లోపల ఏముంది? ఒకటో తారీఖు పది రోజుల్లో ఉంది. ఆ బీరువా ముందు నిలబడి నేను ఆయనను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కానీ తిడుతున్నంతసేపూ లోపల ఒకటే మాట తగులుతూ ఉంది. శుక్రవారం మూడు గంటలకు అచ్చు పోసి ఉంటే ఆ బీరువాలో ఏం కరిగినా నాకేం పోయేది కాదు.

అండాలు ముఖం ప్లాస్టర్ నమూనా నా అల్మారాలో భద్రంగా ఉంది. దాన్ని తీసుకుని మధ్యాహ్నం సెలవు పెట్టి ఉప్పల్‌లో దిగాను. గిన్నెల దుకాణంలో క్యారియర్, సైకిల్ షాపులో చువ్వ, హార్డ్‌వేర్ దుకాణంలో బ్లేడు, పిల్లల బొమ్మల దగ్గర బంతి, పండ్ల బండి మీద కమలాలు. మైనం, ప్లాస్టర్ నా సొంతానివి ఇంట్లోనే ఉన్నాయి. మధ్యాహ్నం గడిచేలోపు రెండో సరంజామా తయారు. అయిదున్నరకు అండాలు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి వాళ్ళ గుమ్మంలో కూర్చుని ఉన్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"కరిగిందా?" అంది. "యెట్ల కరుగుతది మేడమ్? గదేమన్న నెయ్యా? గంత మంచిగైనంక మీరు జూసుకోవద్దా?"

చూసుకోవాలి, తప్పు నాదే అన్నాను. ఆమె ఇంకా రెండు మాటలంది. పడ్డాను. తర్వాత చేతులు కడుక్కుని, కుర్చీ ఎత్తుకుని డాబా మీదకు నడిచింది. అక్కడ ఇంకా వెలుతురు ఉంది.

ఈసారి చెల్లెలి ముక్కు అచ్చు వాడలేదు. అద్దం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేలితో ఆమే మైనాన్ని నొక్కింది. "ఈడ ఇంకింత. ఇగో, గీ దిక్కు వంగాలె." గంటంబావులో మొన్నటిదానికంటే మంచి ముక్కు వచ్చింది. "ఊఁ" అనగానే అక్కడే, ఆ డాబా మీదే, బంతి చిప్పలో ప్లాస్టర్ కలిపి అచ్చు పోశాను. అది గట్టిపడేదాకా ఆమె పక్కనే నిలబడింది, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు.

సిలికాన్, రంగులు, కళ్ళజోడు బిగింపు, అన్నీ ఆ వారంలో ముగిశాయి. మే ముప్ఫైన రోగికి అప్పగించినట్టు రిజిస్టరులో సంతకం చేయడానికి అండాలు ఆసుపత్రికి రావలసి వచ్చింది. కొత్త ముక్కు, కళ్ళజోడు, కుడి రెక్కకు పుడక. కొంగు భుజం మీదే ఉంది. గుమ్మం దగ్గర విభాగాధిపతి ఎవరో అతిథులకు బీరువా చూపిస్తున్నారు. ఆమె ఆగి చూసింది. మూత మీది మైనం ముద్ద ఎవరిదని నన్నడిగింది. నీదేనన్నాను.

"సార్," అంది ఆయనతో, గొంతు పెంచకుండా. "గది నా ముక్కు. నన్నడగకుంట తమాషాకు వెట్టిన్రా?"

ఇది విద్యార్థుల కోసమనీ, సైన్స్ కోసమనీ ఆయన చెప్పబోయారు.

"సైన్సుకైతే మీ ముక్కు వెట్టున్రి. నాది నాకియ్యున్రి."

అతిథులు ఉన్నారు గనక తాళం తీశారు. ఆమె ఆ ముద్దను కొంగున ముడేసుకుని, సంతకం పెట్టి వెళ్ళింది. అట్టముక్క మీద పేరు అలాగే ఉంది. సరంజామాను నాకు తిరిగివ్వమని రాతపూర్వకంగా రెండుసార్లు అడిగాను, జవాబు రాలేదు. నేను రిటైరైన రోజున కూడా మా ఆయన క్యారియర్ ఆ బీరువాలోనే ఉంది. జూన్ ఒకటిన కొత్త కాంట్రాక్టరు అండాలును కౌంటర్ దగ్గరే చూశాడు, అక్కడే ఉంచాడు. ఆయన ఆమె ముఖం వైపు చూడనే లేదట, గరిటె ఎంత చురుగ్గా ఆడుతోందో చూశాడట.

నా తర్వాత ఆ గదికి వచ్చిన టెక్నీషియన్‌కు పని అప్పగిస్తూ కాగితం మీద రెండు నియమాలు రాసిచ్చాను. ఒకటి, రోగి సరే అన్న మైనానికి అక్కడే, ఆ గంటలోనే అచ్చు పోయాలి. అచ్చు పోసేదాకా దాన్ని ఎవరి బల్ల మీదా పెట్టకూడదు. రెండు, సంచీలో ఉండే ప్రతి వస్తువూ ఉప్పల్ బజారులో ఒక్క మధ్యాహ్నంలో దొరికేదై ఉండాలి, ఎందుకంటే మొదటి సంచీకి ఎవరో ఒకరు తాళం వేస్తారు.